ప్రభుత్వ కంప్యూటర్‌లోకి చొరబడితే ఎంత శిక్ష?



ప్రభుత్వ కంప్యూటర్లలోకి అనుమతి లేకుండా చొరబడినవాళ్ళకు ఎంత శిక్ష వేస్తే న్యాయం? ఈ పూట మనం మాట్లాడుకునేది దీని గురించే. ఇలాంటి వార్త పేపర్లో వచ్చిన రోజున రెండు రకాల మాటలు వినబడతాయి. దేశద్రోహి కింద లెక్కకట్టి జీవితాంతం లోపల పెట్టాలని కొందరంటారు. కుర్రాడు సరదాకి చేసినదానికి జైలేమిటి, అంత తెలివైనవాణ్ణి పిలిచి ఉద్యోగం ఇవ్వాలి గానీ అని ఇంకొందరంటారు. ఈ రెండు మాటలతోనూ నేను ఏకీభవించను. చొరబడినవాడి ఉద్దేశం ఏమిటి, వాడి వల్ల మనుషులకు జరిగిన నష్టం ఎంత, ఈ రెండే శిక్షకు కొలతలు కావాలి. ఎంత పెద్ద ఆఫీసు పరువు పోయింది అన్నది కొలత కాకూడదు. ఎందుకో చెప్పడానికి, ప్రపంచమంతా చర్చించుకున్న ఒక కేసును కాస్త దగ్గరగా చూద్దాం.

గ్యారీ మెకినన్ 1966లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తర్వాత లండన్‌లో స్థిరపడ్డాడు. కంప్యూటర్ల నిర్వహణ తెలిసినవాడు. ఇతర గ్రహాల నుంచి ఎగిరే పళ్ళాలు వచ్చిపోతున్నాయనీ, అమెరికా ప్రభుత్వం ఆ సంగతి దాచిపెడుతోందనీ గట్టిగా నమ్మాడు. ఆ రుజువుల కోసమే అమెరికా కంప్యూటర్లలోకి వెళ్ళానని ఆ తర్వాత చెప్పాడు. 2001 ఫిబ్రవరి నుంచి 2002 మార్చి దాకా, లండన్‌లో ఇంట్లో కూర్చునే, టెలిఫోన్ లైను మీద నడిచే నత్తనడక ఇంటర్నెట్‌తో 97 ప్రభుత్వ కంప్యూటర్లలోకి చొరబడ్డాడు. సైన్యానివి 53, నౌకాదళానివి 26, అంతరిక్ష సంస్థ నాసావి 16, రక్షణ శాఖది ఒకటి, వైమానిక దళానిది ఒకటి.

అందులో పెద్ద విద్యేమీ లేదని అతనే చెప్పాడు. చిన్న ప్రోగ్రాము రాసుకుని, వేల యంత్రాల మీద నడిపి చూశాడట. పాస్‌వర్డ్ ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేసిన కంప్యూటర్లు బయటపడ్డాయట. ఒకసారి నాసా వారి జాన్సన్ అంతరిక్ష కేంద్రంలోని యంత్రంలో ఒక ఫొటో తెరిచాడు. లైను నెమ్మది కాబట్టి బొమ్మ ఒక్కసారిగా రాలేదు, పైనుంచి కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది. అది పూర్తి కాకముందే తెర మీది బాణం గుర్తు తనంతట తానే కదిలింది. అవతల ఆ కంప్యూటర్ ముందు ఎవరో ఉద్యోగి ఉన్నాడు. తన యంత్రాన్ని ఇంకెవరో నడుపుతున్నారని గమనించి, ఆ ఉద్యోగి కనెక్షన్ తెంచేశాడు. మెకినన్ ఇంటర్వ్యూలలో పదే పదే చెప్పిన సంగతి ఇది.

ఇంతవరకు వింటే పాపం పిచ్చివాడు అనిపిస్తుంది. అమెరికా మోపిన అభియోగాలు చదివితే అలా అనిపించదు. సైన్యపు కంప్యూటర్లలో అతను కీలకమైన ఫైళ్ళు తుడిచేయడం వల్ల వాషింగ్టన్ సైనిక విభాగంలో రెండు వేలకు పైగా కంప్యూటర్ల నెట్‌వర్క్ 24 గంటలు నిలిచిపోయిందని ఒక ఆరోపణ. న్యూజెర్సీలో ఎర్ల్ అనే చోట నౌకాదళపు ఆయుధ కేంద్రం ఉంది. అక్కడ రికార్డులు చెరిపేసి మూడు వందల కంప్యూటర్లను పనికిరాకుండా చేశాడని ఇంకో ఆరోపణ. అదీ 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన వెంటనే, ఆ దేశం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్న రోజుల్లో. అమెరికా విదేశాంగ విధానాన్ని తిడుతూ, పైస్థాయిలో ఇలాగే అంతరాయం కలిగిస్తూ ఉంటానంటూ ఒక సైనిక కంప్యూటర్‌లో సందేశం కూడా వదిలాడు. చొరబడిన మాట పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. నష్టం చేశానన్నది మాత్రం ఒప్పుకోలేదు.

కాబట్టి ఇది నేరం. అందులో నాకు సందేహం లేదు. ఉద్దేశం చెడ్డది కాకపోయినా, ఆ ఫైళ్ళు తుడిచింది అతనే అయితే దానికి శిక్ష పడాల్సిందే. ఎంత శిక్ష అన్నదే ప్రశ్న.

2002 నవంబరులో అమెరికాలో అభియోగాలు నమోదయ్యాయి. మొత్తం ఏడు. ఒక్కోదానికి గరిష్ఠంగా పదేళ్ళు. పత్రికలు ఏడింటినీ కూడి డెబ్భై ఏళ్ళ జైలు అని రాశాయి. అన్నీ రుజువైనా అంత పడి ఉండేది కాదు. కానీ అసలు బేరం ఏమిటో బ్రిటన్ న్యాయమూర్తుల తీర్పులోనే ఉంది, అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నేరం ఒప్పుకుని, తనంతట తాను అమెరికా వస్తే సుమారు మూడు నాలుగేళ్ళ శిక్ష. అందులో ఆరు నెలలో, ఏడాదో అక్కడ గడిపాక మిగతాది బ్రిటన్ జైల్లో. అలా కాకుండా అప్పగింతను కోర్టులో ఎదిరిస్తే, శిక్ష ఎనిమిది పదేళ్ళో, అంతకు మించో. స్వదేశానికి పంపే హామీ కూడా ఉండకపోవచ్చు.

శ్రోతలు ఒక్క క్షణం ఆలోచించండి. మనిషి అతనే. చేసిన పనీ అదే. తుడిచిన ఫైళ్ళు ఒక్కటి పెరగలేదు, తగ్గలేదు. కోర్టుకు వెళ్ళే హక్కు వాడుకున్నందుకు శిక్ష రెండింతలు, మూడింతలు అవుతుందట. 2008 జులైలో బ్రిటన్ ప్రభువుల సభ న్యాయమూర్తులు ఈ బేరం అప్పగింతను ఆపేంత అన్యాయమేమీ కాదన్నారు. నేరం ఒప్పుకున్నవాడికి తగ్గింపు ఇవ్వడం అన్ని దేశాల్లోనూ ఉన్నదేనన్నారు. వారి మీద గౌరవంతోనే, నా మాట వేరని చెబుతున్నాను. తగ్గింపు ఉండొచ్చు. కానీ మూడు నాలుగేళ్ళు సరిపోయే నేరానికి పదేళ్ళు ఎలా సరిపోతాయి? ఆ రెంటికీ మధ్య ఉన్న ఏళ్ళు నేరానికి పడే శిక్ష కాదు. వాదించినందుకు పడే శిక్ష.

ఇక నష్టం లెక్క. మెకినన్ వల్ల ఏడు లక్షల డాలర్ల ఖర్చు వచ్చిందని అమెరికా చెప్పింది. చొరబాటును ఆరా తీయడానికీ, పాడైనవి సరిచేయడానికీ అయిన ఖర్చు అది. ఈ లెక్క దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. తాళం వేయకుండా వదిలేసిన ఇంట్లో దొంగ పడితే, వాడు ఎత్తుకెళ్ళిన బిందె ఖరీదు వాడి దగ్గర వసూలు చేయడం న్యాయం. విరగ్గొట్టిన కిటికీ ఖర్చూ వాడిదే. కానీ ఆ తర్వాత ఇంటాయన కొత్తగా కొనుక్కున్న ఇనప తలుపు, తాళాలు, గేటు ఖరీదంతా దొంగ ఖాతాలో రాస్తే అది నష్టపరిహారం కాదు. ఎప్పుడో చేయాల్సిన పని ఇప్పుడు వాడి ఖర్చుతో చేసుకోవడం. అమెరికా చట్టంలో నష్టం 5,000 డాలర్లు దాటితే నేరం తీవ్రత పెరుగుతుంది. నష్టం పెరిగేకొద్దీ జైలు నెలలు పెరుగుతాయి. అలాంటప్పుడు ఏది నష్టం, ఏది ఆలస్యంగా చేసుకున్న మరమ్మతు అన్న తేడా పూర్తిగా న్యాయానికి సంబంధించిన విషయం. దాన్ని గుమాస్తా లెక్కలకు వదిలేయకూడదు.

ఆ తర్వాత ఏమైందో చూడండి. బెయిల్ మీద ఉన్న మెకినన్‌ను ఇంటర్నెట్ ముట్టుకోవద్దన్నారు. 2008లో అతనికి ఆటిజం కోవలోని ఆస్పెర్జర్ లక్షణాలు ఉన్నట్టు వైద్యులు తేల్చారు. కొడుకును అమెరికా పంపితే బతకడని తల్లి జానిస్ షార్ప్ ఏళ్ళ తరబడి గడప గడపా తిరిగి పోరాడింది. 2012 అక్టోబరు 16న అప్పటి హోంమంత్రి థెరిసా మే పార్లమెంటులో అప్పగింతను ఆపేస్తున్నట్టు ప్రకటించారు. పంపితే అతను ప్రాణం తీసుకునే ప్రమాదం చాలా ఎక్కువగా ఉందన్నది ఆవిడ చెప్పిన కారణం. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్ ప్రాసిక్యూటర్లు తమ దేశంలో కూడా కేసు నడపబోమన్నారు. సాక్ష్యాలూ సాక్షులూ అమెరికాలో ఉండటం అందుకు ఒక కారణం.

ఈ ముగింపు విని చాలామంది సంతోషించారు. అతని ప్రాణం నిలిచినందుకు నేనూ సంతోషిస్తాను. కానీ న్యాయం జరిగిందని మాత్రం అనలేను. డెబ్భై ఏళ్ళు పడుతుందని భయపెట్టారు, పదేళ్ళు నిప్పుల మీద నిలబెట్టారు, చివరికి ఏమీ లేదని పంపేశారు. ఆ ఫైళ్ళు నిజంగా అతనే తుడిచాడా, ఎర్ల్‌లో నష్టం ఎంత, తేల్చే విచారణ ఒక్క రోజు కూడా జరగలేదు. మొదట్లోనే లండన్‌లో, బ్రిటన్ వారి 1990 నాటి కంప్యూటర్ దుర్వినియోగ చట్టం కింద కేసు నడిపి ఉంటే, రెండు మూడేళ్ళలో తీర్పు వచ్చేది. తగిన శిక్ష పడేది, అనుభవించి బయటపడేవాడు. శిక్ష భయంకరంగా ఉంటే జరిగేది ఇదే. దాన్ని వేయడానికి చేతులు రావు, వేయకుండా వదలడానికి మనసు రాదు.

తగిన శిక్ష ఎలా ఉంటుంది అనడిగితే ఇంకొంచెం వెనక్కి వెళ్ళి చూపిస్తాను. 1988 నవంబరు 2న అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్‌లోకి వదిలాడు. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి తనంతట తాను పాకిపోయే ప్రోగ్రాము అది. నిదానంగా, ఎవరికీ తెలియకుండా పాకుతుందనుకున్నాడు. లెక్క తప్పింది. విశ్వవిద్యాలయాలు, సైనిక పరిశోధన కేంద్రాలు, వైద్య సంస్థల కంప్యూటర్లు వరసగా చతికిలబడ్డాయి. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నవే అరవై వేల యంత్రాలని అంచనా, వాటిలో ఆరు వేలకు పైగా దెబ్బతిన్నాయని చెప్పుకున్నారు. బాగుచేసుకోవడానికి ఒక్కో సంస్థకు 200 డాలర్ల నుంచి 53,000 డాలర్ల పైదాకా ఖర్చయిందని కోర్టు రాసింది.

1990లో జడ్జి హోవర్డ్ మున్సన్ ముందుకు శిక్ష విషయం వచ్చింది. శిక్షల మార్గదర్శకాల పట్టిక ప్రకారం చూస్తే 15 నుంచి 21 నెలల జైలు. ఆ పట్టికలోని లెక్క మోసం, దగా నేరాల కోసం కట్టింది, ఈ కేసులో అవి లేవు అని జడ్జి దాన్ని పక్కన పెట్టారు. మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా, పర్యవేక్షణ ఖర్చులు వేశారు. ఇది క్షమాభిక్ష కాదు. మోరిస్ నేరస్తుడని తీర్పు చెప్పారు, ఆ ముద్ర అలాగే ఉంది. కానీ అతని జీవితం ఆగిపోలేదు. తర్వాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రొఫెసర్ అయ్యాడు. జడ్జి చట్టాన్ని సడలించలేదు, ఎదురుగా నిలబడ్డ మనిషినీ అతను చేసిన పనినీ చూసి కొలిచారు. నేను అడిగేది ఆ చూపు గురించే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మనకు 2000 సంవత్సరపు ఐటీ చట్టం ఉంది. అందులో శిక్షలు మూడు మెట్లుగా ఉన్నాయి. మొదటి మెట్టు 66వ సెక్షన్. మోసపు బుద్ధితోనో, వక్రబుద్ధితోనో ఇంకొకరి కంప్యూటర్‌లోకి వెళితే మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రెండో మెట్టు 70వ సెక్షన్. ప్రభుత్వం రక్షిత వ్యవస్థ అని గెజిట్‌లో ప్రకటించిన కంప్యూటర్లలోకి వెళితే పదేళ్ళ దాకా జైలు. ఆధార్ కేంద్ర భాండాగారాన్ని 2015లో ఇలాగే ప్రకటించారు. మూడో మెట్టు 66ఎఫ్, అంటే సైబర్ ఉగ్రవాదం. దానికి యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చు.

మెట్లుండటం మంచిదే. కానీ ఒక్కో మెట్టు మీద రాసి ఉన్న మాటలు చదవండి. 66వ సెక్షన్‌లో బుద్ధి ఎలాంటిదో చూడాలన్న షరతుంది. 70వ సెక్షన్‌లో ఆ షరతు కనబడదు. అనుమతి లేకుండా వెళ్ళినా, వెళ్ళబోయినా చాలు, పదేళ్ళ దాకా పడొచ్చు. సమాచారం అమ్ముకోవడానికి వెళ్ళినవాడూ, తలుపు తెరిచి ఉందని చెప్పడానికి వెళ్ళినవాడూ ఆ సెక్షన్ ముందు ఒక్కటే. ఇక 66ఎఫ్. 2008 నవంబరులో ముంబయి దాడులు జరిగాయి. నెల తిరక్కముందే, డిసెంబరులో, పార్లమెంటు ఈ సవరణను ఆమోదించింది. దేశ సమగ్రతను దెబ్బతీయాలన్న ఉద్దేశంతో ఆస్పత్రులనో, విద్యుత్తునో, సరఫరాలనో స్తంభింపజేసేవాడికి యావజ్జీవం వేయడంలో నాకు అభ్యంతరం లేదు. కానీ అదే సెక్షన్ రెండో భాగంలో, ఆంక్షలున్న సమాచారాన్ని తీసుకుంటే, దాన్ని సభ్యతకు, నైతికతకు భంగం కలిగేలానో, పరువునష్టం, కోర్టు ధిక్కారం వంటివాటికో వాడే అవకాశం ఉందని నమ్మే కారణముంటే, అదీ సైబర్ ఉగ్రవాదమే అవుతుంది. పరువునష్టానికి యావజ్జీవం ఏ న్యాయం? ఇంత వెడల్పు వల ఎవరి చేతిలో ఉంటే వారి ఇష్టం.

శిక్షలు పెంచుకుంటూ పోవడమే మనకు తెలిసిన మందు. 2016 ఆధార్ చట్టంలో కేంద్ర భాండాగారంలోకి చొరబడితే మూడేళ్ళన్నారు. 2019లో సవరించి పదేళ్ళు చేశారు. ఆ మధ్యకాలంలో ఆధార్ వివరాలు బయటపడ్డ సందర్భాల్లో చాలావాటికి చొరబాటుతో పనే లేదు. ప్రభుత్వ శాఖలే పింఛన్ల జాబితాలూ, ఇళ్ళ లబ్ధిదారుల జాబితాలూ ఆధార్ నంబర్లతో సహా వెబ్‌సైట్లలో పెట్టాయి. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇది జరిగింది. పరిశోధకులు ఎత్తిచూపాకే వాటిని తీసేశారు. అలా పెట్టిన అధికారికి ఎన్నేళ్ళు పడింది?

తెలుగు శ్రోతలకు బాగా గుర్తున్న కేసు ఒకటుంది, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్ల లీకేజీ. 2023 మార్చిలో అది బయటపడినప్పుడు, కమిషన్ కంప్యూటర్లు హ్యాక్ అయ్యాయన్నది మొదటి అనుమానం. పోలీసులు చెప్పిన దాని ప్రకారం బయటివాళ్ళెవరూ హ్యాక్ చేయలేదు. కమిషన్ ఆఫీసులోనే పనిచేసేవాళ్ళు కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోకి, వేరే ఉద్యోగి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో చేరి, ప్రశ్నపత్రాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. చేతులు మారి లక్షల రూపాయలకు అమ్ముడయ్యాయని అభియోగం. తెలంగాణ ఏర్పడ్డాక వచ్చిన మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్, 503 పోస్టులు. 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాసినవాళ్ళు రెండున్నర లక్షలకు పైనే. ఆ పరీక్ష రద్దయింది. అశోక్‌నగర్‌లోనూ, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఇరుకు గదుల్లో ఉంటూ, మెస్ బిల్లు కోసం ఇంటికి ఫోన్ చేయడానికి మొహం చెల్లక చదువుకున్న పిల్లల ఏళ్ళు వృథా అయ్యాయి. కొందరికి వయోపరిమితి దగ్గరపడింది.

ఇప్పుడు నా రెండు కొలతలూ పెట్టి చూడండి. సాంకేతికంగా చూస్తే ఇది అల్పమైన పని, ఇంకొకరి పాస్‌వర్డ్ కొట్టడం. హ్యాకర్ల లోకంలో దీనికి మర్యాద కూడా ఉండదు. ఏ క్షిపణి రహస్యమూ పోలేదు. కానీ ఉద్దేశం డబ్బు, నష్టం లక్షల మంది బతుకులకు. అభియోగాలు రుజువైతే, పాస్‌వర్డ్ లేని సైనిక యంత్రంలో ఎగిరే పళ్ళాల కోసం వెతికినవాడి కంటే వీళ్ళకు పెద్ద శిక్ష పడాలి. ఏమాత్రం జంకకుండా ఈ మాట అంటాను. జీతం తీసుకుంటూ, కాపలా కాయాల్సిన చోట ఉండి చేసిన ద్రోహం బయటివాడి చొరబాటు కన్నా బరువైనది.

ఢిల్లీ ఎయిమ్స్ సంగతీ అంతే. 2022 నవంబరు 23న అక్కడి సర్వర్లను ఎవరో తాళం వేసి బిగించేశారు. దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు, పరీక్షల రిపోర్టులు అన్నీ చేతిరాత మీద నడిచాయి. దేశం నలుమూలల నుంచి రైలెక్కి వచ్చిన రోగులు చీటీల కోసం క్యూల్లో నిలబడ్డారు. రోగుల మీద చేసిన ఇలాంటి దాడికి ఎంత కఠినమైన శిక్షయినా ఎక్కువ కాదు. కానీ ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం వల్ల చొరబాటు సాధ్యమైందని ఆ జవాబులో ఉంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. పెద్ద చొరబాట్లు చేసేవాళ్ళు తరచుగా వేరే దేశాల్లో, కొన్నిసార్లు ఆ దేశ ప్రభుత్వాల నీడలోనే ఉంటారు. అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి రెండు కోట్ల పదిహేను లక్షల మంది వివరాలు పోయినట్టు 2015లో తేలింది. 56 లక్షల మంది వేలిముద్రలు కూడా వాటిలో ఉన్నాయి. అమెరికా అధికారులు వేలు చూపించింది చైనా వైపు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. యావజ్జీవాలు రాసిపెట్టిన చట్టం దొరల్ని పట్టుకోలేక, దొరికిన ఒంటరి కుర్రాడి మీద పడుతుంది. అందుకే చట్టం రాసేటప్పుడు, నిజంగా బోనులో నిలబడబోయేది ఎవరో ఊహించుకుని రాయాలి.

కఠిన శిక్ష ఉంటేనే భయముంటుంది కదా అని అడగొచ్చు. కానీ భయం పెట్టేది శిక్ష పొడుగు కాదు, పట్టుబడతామన్న నమ్మకం. పదేళ్ళు అని రాసి, పట్టుకోవడానికి శిక్షణ ఉన్న సిబ్బంది లేకపోతే, పట్టుకున్నా విచారణ ఎనిమిదేళ్ళు సాగితే, ఆ పదేళ్ళకు ఎవరూ భయపడరు. రెండేళ్ళే అని రాసి, ఏడాదిలో తీర్పు వస్తే భయపడతారు.

అమెరికా రక్షణ శాఖే తర్వాత ఏం చేసిందో వినండి. మెకినన్ కంప్యూటర్లలోకి దూరిన పద్నాలుగేళ్ళకు, 2016లో, హ్యాక్ ద పెంటగాన్ పేరుతో ఆహ్వానం పలికింది. మా వెబ్‌సైట్లలో లోపాలు వెతకండి, దొరికితే డబ్బిస్తామంది. పధ్నాలుగు వందల మందికి పైగా పాల్గొన్నారు. 138 నిజమైన లోపాలు బయటపడ్డాయి. మొత్తం ఖర్చు లక్షా యాభై వేల డాలర్లు. అదే పని బయటి సంస్థతో చేయిస్తే పది లక్షల డాలర్లు దాటేదని అప్పటి రక్షణ మంత్రి యాష్ కార్టర్ చెప్పారు. లోపాలు పట్టిన వాళ్ళలో హైస్కూలు విద్యార్థి కూడా ఉన్నాడు. 2022లో అమెరికా న్యాయశాఖ, సదుద్దేశంతో భద్రతా పరిశోధన చేసేవాళ్ళ మీద కంప్యూటర్ చొరబాట్ల చట్టం కింద కేసులు పెట్టకూడదని తన ప్రాసిక్యూటర్లకు నియమం పెట్టింది. నెదర్లాండ్స్ ప్రభుత్వమైతే, లోపం కనిపెట్టి పద్ధతిగా తెలియజేసినవాళ్ళకు, డచ్ ప్రభుత్వాన్ని హ్యాక్ చేశానని అచ్చు వేసిన టీషర్ట్ పంపిస్తుంది. మన దగ్గర సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటుంది. కానీ తీసుకునే సంస్థ ఒకటుండటం వేరు, చెప్పినవాడి మీద కేసు పెట్టబోమన్న హామీ చట్టంలో ఉండటం వేరు. ఆ హామీ మన ఐటీ చట్టంలో లేదు.

ఇక నేను కోరుకునేవి చెబుతాను. మొదటిది, సదుద్దేశపు పరిశోధనకు చట్టంలోనే రక్షణ రాయాలి. ఏమీ తీసుకోకుండా, ఏదీ చెరపకుండా, ఎవరికీ చూపకుండా, వెంటనే సంబంధిత సంస్థకు తెలియజేసినవాడు నేరస్తుడు కాకూడదు. రెండోది, 70వ సెక్షన్‌లో ఉద్దేశాన్ని చూసే మాట చేర్చాలి. 66ఎఫ్ నుంచి పరువునష్టం, నైతికత వంటి మాటలు తీసేయాలి. మూడోది, జరిగిన నష్టాన్ని కోర్టు విడగొట్టి చూడాలి. పాడైనది బాగుచేసిన ఖర్చు వేరు, ఎప్పుడో చేయాల్సిన భద్రత ఖర్చు వేరు.

నాలుగోది కుర్రవాళ్ళ గురించి. మన దేశంలో 1958 నుంచి ప్రొబేషన్ చట్టం ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళ లోపువాణ్ణి, జైలే ఎందుకు తప్పదో కారణాలు రాయకుండా జైలుకు పంపకూడదని అందులో 6వ సెక్షన్ చెబుతుంది. గొప్ప మాట అది. కానీ యావజ్జీవం పడగల నేరానికి ఆ రక్షణ వర్తించదు. అంటే, ఎఫ్ఐఆర్‌లో 66ఎఫ్ అని ఒక్క అంకె, ఒక్క అక్షరం చేర్చగానే, పందొమ్మిదేళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థికి చట్టం ఇచ్చిన గొడుగు ఎగిరిపోయే ప్రమాదముంది. కాబట్టి ఆ సెక్షన్ పెట్టడానికి పైస్థాయి అనుమతి, రాతపూర్వక కారణాలు తప్పనిసరి చేయాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ కూడా ఒక శిక్షగా చేరింది. ప్రస్తుతం కొన్ని చిన్న నేరాలకే పరిమితం. నష్టం లేని తొలి తప్పు హ్యాకింగ్ కేసులకు దాన్ని విస్తరించాలి. బ్రిటన్, నెదర్లాండ్స్ ఇలాంటి కుర్రాళ్ళను దారిలో పెట్టడానికి ప్రత్యేక కార్యక్రమాలే నడుపుతున్నాయి. ఏ మండలాఫీసు కంప్యూటర్‌లో దూరాడో, ఆ ఆఫీసు కంప్యూటర్లనే అధికారి పర్యవేక్షణలో ఆరు నెలలు బాగుచేయించండి. జైలు నేర్పలేనిది అది నేర్పుతుంది.

అయిదోది ఎవరూ ఇష్టపడనిది. తలుపు తెరిచి వదిలేసినవాళ్ళు జవాబు చెప్పాలి. పౌరుల ఆధార్ నంబర్లు, ఆస్పత్రి రికార్డులు, పరీక్ష పేపర్లు కాపాడతామని వాటిని తీసుకున్నది ప్రభుత్వం. నిర్లక్ష్యం రుజువైతే శాఖాపరమైన చర్య, నష్టపోయిన పౌరుడికి పరిహారం ఉండాలి. చొరబడినవాడికి వేసే శిక్ష, కాపలాదారు తప్పును మరిపించే తెర కాకూడదు.

వింటున్న విద్యార్థులకు ఒక మాట. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లోపం కనిపిస్తే మీ ప్రతిభ రుజువు చేసుకోవడానికి లోపలికి వెళ్ళకండి. ఇవాళ ఉన్న చట్టం ముందు, నేను చూడ్డానికే వెళ్ళాను అన్న మాట నిలబడుతుందన్న నమ్మకం లేదు. కనిపించినంత వరకే రాసి సెర్ట్-ఇన్‌కు పంపండి, ఆగండి. డేటా తీసి డబ్బు అడిగినా, టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టినా, అప్పుడు మీ తరఫున మాట్లాడటానికి నాలాంటివాళ్ళు కూడా రారు, రాకూడదు.

చట్టాలు రాసేవాళ్ళకు ఇంకో మాట. అందరికీ యావజ్జీవమే అని రాస్తే, రోగుల సర్వర్లకు తాళం వేసినవాడికీ, లోపం చూసి చెప్పిన కుర్రాడికీ తేడా తెలియని దేశమవుతాం. ఆ తేడా తెలిసిన న్యాయస్థానానికే చొరబడేవాడు భయపడతాడు, చెప్పేవాడు ధైర్యంగా వస్తాడు. ప్రభుత్వ కంప్యూటర్లలో ఉన్నది మన బతుకుల సమాచారం కాబట్టి, ఆ రెండూ జరగడం మనందరికీ అవసరం.